సొరచేప ఇంటికి చుట్టపుచూపుగా

లోకంలో కొన్ని ప్రాణులకు పుట్టుకతోనే చెడ్డపేరు అంటుకుంటుంది. పాముకు అంటుకుంది. తోడేలుకు అంటుకుంది. గుడ్లగూబ, పాపం, ఎవరి జోలికీ పోని పిట్ట. దానికీ తప్పలేదు. అయితే పాముకు ఏడాదికొకసారి నాగులచవితినాడు పుట్టలో పాలు పోసి ఆ అపచారాన్ని కొంత సరిపెట్టుకుంటున్నాం. సముద్రంలో తిరిగే సొరచేపకు ఆపాటి భాగ్యం కూడా లేదు. పేరు వింటే చాలు, నీటిని చీల్చుకుంటూ వచ్చే ఒక రెక్క, నోటినిండా రంపపు పళ్ళు, ఎర్రబారిన కెరటం, ఇవే మన కళ్ళముందు మెదులుతాయి. చిత్రమేమంటే, ఇంతగా భయపడే మనలో సొరను ప్రాణంతో చూసినవారు బహు తక్కువ.

నేను కళాశాలలో తెలుగు పాఠాలు చెప్పుకునే మనిషిని. జంతుశాస్త్రం నా విద్య కాదు. అయినా రెండేళ్ళ క్రితం సొరచేపలను వాటి ఇంట్లోనే, అంటే అరవై అడుగుల లోతున సముద్రగర్భంలో, కళ్ళారా చూసే అవకాశం నాకు కలిగింది. ఆ ముచ్చట పాఠకులతో పంచుకోవాలని ఈ వ్యాసం.

ఈ అపవాదు ఎక్కడిది?

మన తీరాంధ్రులకు సొర కొత్తది కాదు. చేపలు తినే ఇళ్ళల్లో పాలసొర అంటే తెలియని ముసలమ్మ ఉండదు. మా అమ్మ పుట్టిల్లు కాకినాడ దగ్గర. నా మొదటి కాన్పుకు అమ్మ పాలసొర తెప్పించి, ఉడకబెట్టి, తోలూ ముల్లూ తీసి, పొడిపొడిగా చిదిపి, ఉల్లీ వెల్లుల్లీ మిరియాలూ వేసి పిట్టు చేసి పెట్టింది. బాలింతకు పాలు పడతాయని నమ్మకం. అంటే మా ఊళ్ళల్లో సొర మనిషిని తినే రాక్షసి కాదు, మనిషికి పథ్యం! ఇప్పటి పిల్లల సంగతి వేరు. తరగతిలో ఒకసారి ‘సొర’ అనే మాట వస్తే ముందు బెంచీలోవాళ్ళు సొరకాయ అనుకున్నారు. ‘షార్క్’ అనగానే మాత్రం అందరికీ ఒళ్ళు జలదరించింది.

ఈ జలదరింపులో చాలా భాగం అమెరికా నుంచి దిగుమతి అయినది. 1974లో పీటర్ బెంచ్లీ అనే రచయిత ‘జాస్’ అనే నవల రాశాడు. మరుసటి సంవత్సరమే స్పీల్‌బర్గ్ దాన్ని సినిమా తీశాడు. ప్రపంచమంతా ఆ బొమ్మ చూసి వణికింది. సొరను చంపడం ఒక వీరకృత్యమనే వెర్రి కొన్నిచోట్ల బయలుదేరింది. అది చూసి బెంచ్లీయే నొచ్చుకున్నాడు. సొరను గురించి తెలుసుకున్నకొద్దీ అలాంటి కథ తాను మళ్ళీ రాయలేనని తెలుసుకుని, 2006లో కన్నుమూసేదాకా సొరల రక్షణ కోసం రాశాడు, మాట్లాడాడు.

నిజానికి సొరలలో 500కు పైగా జాతులున్నాయి. జానెడు మించని బుల్లి సొర ఉంది. నలభై అడుగుల వరకు పెరిగే తిమింగిల సొర ఉంది. ఇది ప్రపంచంలోకెల్లా పెద్ద చేప. అంత దేహం పెట్టుకుని అది తినేది నీటిలో తేలియాడే సూక్ష్మజీవులనూ, చిన్న చిన్న చేపలనూ. మనిషికి ప్రమాదకరమైనవని పేరు మోసినవి ముఖ్యంగా మూడు: తెల్లసొర, పులిసొర, ఎద్దుసొర. ప్రపంచం మొత్తం మీద కవ్వింపు లేకుండా సొరలు మనుషులను కరిచిన సంఘటనలు ఏడాదికి సుమారు 60, 70 నమోదవుతాయి. మరణాలు సగటున ఆరో ఏడో. సొర నిరపాయమైన జంతువని నేను చెప్పబోవడం లేదు. కోట్లమంది సముద్రస్నానాలు చేసే లోకంలో ఈ సంఖ్య ఎంతటిదో పాఠకులే ఆలోచించాలి.

ముందు వెళ్ళినవారు

మనిషి చేపలాగా నీటిలో తిరగడం అనేది నిన్నమొన్నటి సంగతి. 1943లో ఫ్రాన్సులో నావికాధికారి కూస్తో, ఇంజనీరు గాన్యాన్ కలిసి ఒక చక్కని సాధనం కనిపెట్టారు. వీపున గాలి నింపిన సిలిండరు, నోట ఒక గొట్టం. పీల్చినప్పుడు, ఎంత లోతున ఉంటే ఆ లోతుకు తగిన ఒత్తిడితో, గాలి దానంతట అదే వస్తుంది. దీన్నే ఇప్పుడు స్కూబా అంటున్నాం. ఈ సాధనం చేతికి వచ్చాకనే మనిషికి సొరతో ముఖాముఖి పరిచయం కలిగే వీలు చిక్కింది.

ఆ పరిచయం చేసుకున్నవారిలో ఇద్దరు స్త్రీలను ప్రత్యేకించి తలచుకోవాలి. మొదటి ఆమె యూజనీ క్లార్క్. తండ్రి అమెరికన్, తల్లి జపాను సంతతి. ఫ్లోరిడాలో 1955లో ఒక చిన్న సముద్ర పరిశోధనశాల స్థాపించారు. సొర ఒట్టి మొద్దు జంతువని అందరూ అనుకుంటున్న రోజులలో, ఒక పలకను మూతితో నొక్కితే ఆహారం దొరుకుతుందని ఆమె నిమ్మసొరలకు నేర్పారు. అవి చక్కగా నేర్చుకున్నాయి. మన బడిపిల్లల మాదిరే, సెలవుల తర్వాత కూడా పాఠం మరవలేదు. తొంభై రెండో ఏట కూడా సముద్రంలో మునిగి వచ్చిన ధీశాలి ఆమె. 2015లో గతించారు.

రెండో ఆమె ఆస్ట్రేలియాకు చెందిన వాలెరీ టేలర్. మొదట భర్త రాన్‌తో కలిసి ఈటెతో చేపలు వేటాడే పోటీలలో గెలిచిన మనిషి. ఆ తర్వాత దంపతులిద్దరూ ఈటె వదిలి కెమెరా పట్టుకున్నారు. 1971లో విడుదలైన ఒక చిత్రం కోసం దక్షిణాఫ్రికా తీరాన, సొరలు గుంపులుగా మూగిన చోట, ఇనుప పంజరం తలుపు తెరుచుకుని బయటికి వచ్చి వాటి మధ్య ఈదారు. ‘జాస్’ సినిమాలోని నిజమైన సొరల దృశ్యాలు తీసినదీ వారే. ఆ తర్వాత జీవితమంతా సొరల పక్షాన వాదించారు. ఆస్ట్రేలియాలో న్యూ సౌత్ వేల్స్ రాష్ట్రం 1984లో ఒక సొర జాతికి చట్టరక్షణ కల్పించిందంటే అందులో వారి కృషి తక్కువది కాదు. వేటగాండ్రే కావలివాండ్రయిన ఈ కథ నాకు ఎంతో నచ్చింది.

మాల్దీవులలో

ఇక నా ప్రయాణం సంగతి. హిందూ మహాసముద్రంలో సుమారు 1,200 దీవుల దేశం మాల్దీవులు. అక్కడి బడులలో మన దేశంనుంచి వెళ్ళిన ఉపాధ్యాయులు చాలామంది పనిచేస్తారు. మా మరిది కూడా అట్లా ఒక దీవిలో లెక్కల మేష్టారు. “వదినా, మీరిక్కడిదాకా వచ్చి సొరలను చూడకుండా వెళ్ళిపోతే, పుష్కరాలకు రాజమండ్రి వెళ్ళి స్నానం చేయకుండా తిరిగివచ్చినట్లే” అన్నాడు. మావారు నవ్వి ఊరుకున్నారు. అత్తయ్యగారు మాత్రం ఫోనులోనే, “సొరలున్న నీళ్ళల్లోకి కోరి దిగుతారుటమ్మా ఎవరైనా? పిల్లలు గలదానివి!” అని కోప్పడ్డారు. కోనసీమ కాలువలలో ఈత నేర్చినదాన్ని. వయసు నలభై దాటినా ఆ ధైర్యం ఇంకా మిగిలి ఉంది. వైద్యుడు పరీక్షించి సరేనన్నాడు. దిగాను.

ముందు నాలుగు రోజుల శిక్షణ. నడుములోతు నీటిలో మొదలు. నోటిలోని గొట్టం జారిపోతే తిరిగి ఎట్లా అందుకోవాలి, కళ్ళజోడులోకి నీరు వస్తే లోపల ఉండగానే ఎట్లా పోగొట్టుకోవాలి, ముక్కు పట్టుకుని మెల్లగా ఊది చెవుల దిబ్బడ ఎట్లా తీర్చుకోవాలి, ఇవన్నీ నేర్పారు. అన్నిటికన్నా పెద్ద సూత్రం ఒకటే: ఊపిరి ఎన్నడూ బిగబట్టరాదు. పైకి వస్తున్నకొద్దీ ఒత్తిడి తగ్గి ఊపిరితిత్తులలో గాలి ఉబ్బుతుంది గనుక బిగబడితే ప్రాణాపాయం. ప్రాణాయామానికి సరిగ్గా తిరగేసిన పాఠమన్నమాట!

మాకు నేర్పిన కుర్రవాడు ఆ దేశస్థుడే, పాతికేళ్ళ వాడు. వాళ్ళ భాషలో సొరను ‘మియరు’ అంటారు. వాళ్ళ తాత సొరలు పట్టి బతికినవాడట. సొర కాలేయంనుంచి తీసిన నూనె చెక్క పడవలకు పూసేవారట. “తాత వాటిని పట్టి మమ్మల్ని పెంచాడు. నేను వాటిని చూపించి మా పిల్లవాణ్ణి పెంచుకుంటున్నాను” అన్నాడు. ఆ మాటలో గొప్పా లేదు, సిగ్గూ లేదు. ఉన్న సంగతి చెప్పాడంతే.

అయిదో రోజు ఉదయం పడవలో పగడపు దిబ్బ దగ్గరికి వెళ్ళాము. కిందికి దిగుతున్నకొద్దీ రంగులు ఒకటొకటే ఆరిపోసాగాయి. మొదట పోయేది ఎరుపు. నా మణికట్టుకు కట్టుకున్న అమ్మవారి తోరం కాసేపటికి నల్లదారంలా కనిపించింది. నా ఊపిరి శబ్దం తప్ప మరో సద్దు లేదు. యాభై అడుగుల లోతున గురువు నా భుజం తట్టి, అరచేతిని నిలువుగా నుదుట ఆనించి చూపాడు. ‘సొర’ అని సంజ్ఞ.

బల్లలాంటి పగడపు రాయి కింద, ఇసుక మీద, సుమారు నాలుగడుగుల సొర పడుకుని ఉన్నది. వీపు రెక్క కొసన సున్నం బొట్టు పెట్టినట్లు తెల్లని మచ్చ. అందుకే దానికి తెల్లకొస సొర అని పేరు. సొరలు క్షణం ఆగినా చనిపోతాయని అంటారు గాని అన్ని జాతులకూ అది వర్తించదు. ఇది నోటితోనే నీటిని లోనికి తీసుకుని మొప్పలనుంచి వదులుతూ హాయిగా విశ్రమిస్తుంది. పగలు విశ్రాంతి, రాత్రి వేట. మమ్మల్ని పిల్లికళ్ళలాంటి కళ్ళతో ఒకసారి చూసింది. లేవడానికి బద్ధకించింది.

దిబ్బ అంచుకు వెళ్ళేసరికి నీటి ఒరవడి పెరిగింది. రాతిని ఆనుకుని నిలిచాము. ఎదురుగా నీలపు లోతు. అందులోనుంచి మొదట ఒక నీడ, తర్వాత మరొకటి, మొత్తం అయిదు బూడిదరంగు సొరలు వచ్చాయి. ఒక్కొక్కటి అయిదారడుగులు. మేము కాళ్ళు ఆడిస్తూ ఆపసోపాలు పడుతున్న ఆ ఎదురు ప్రవాహంలో అవి తోక కదిపీ కదపకుండా నిలిచాయి. వాటిలో ఒకటి మెల్లగా మా వైపు తిరిగింది. పదడుగుల దూరానికి వచ్చింది. భయం వేయలేదని అనను. గుండె చప్పుడు నాకే వినిపించింది. దాని కన్ను నా మీద నిలిచింది. అందులో కోపం లేదు, ఆకలి లేదు. కొత్తవారు ఇంటికి వస్తే పెద్దమనిషి ఎగాదిగా చూస్తాడే, ఆ చూపు. ఎవరో ఏమిటో తెలిసింది కాబోలు, పక్కకు ఒరిగి సాగిపోయింది. అంతే. ఆ క్షణంలో నా భయం ఎక్కడికో పోయిందని కాదు. భయం ఉన్న చోటనే గౌరవం వచ్చి కూర్చుంది.

దాని చూపు వేరు, వినికిడి వేరు

పైకి వచ్చాక తెలుసుకున్నకొద్దీ ఆశ్చర్యం పెరిగింది. సొర దేహంలో ఎముక అన్నది లేదు. అంతా మన చెవి డొప్పలో ఉండే మృదులాస్థే. మామూలు చేపలకుండే గాలితిత్తి లేదు. దాని బదులు నూనెతో నిండిన పెద్ద కాలేయం దేహాన్ని తేలికపరుస్తుంది. పళ్ళు వరుసలు వరుసలుగా ఉండి, ముందువి ఊడితే వెనుకవి ముందుకు వస్తాయి. మనకు రెండుసార్లే పళ్ళు వస్తే, దానికి జన్మంతా వస్తూనే ఉంటాయి.

సొర ముట్టె చుట్టూ సన్నని చుక్కలు కనిపిస్తాయి. 1678లో లోరెంజీని అనే ఇటలీ వైద్యుడు వాటిని వర్ణించాడు. అవి ఎందుకో తెలియడానికి దాదాపు మూడు శతాబ్దాలు పట్టింది. ప్రతి ప్రాణి కండరం కదిలినప్పుడూ, గుండె కొట్టుకున్నప్పుడూ అతి స్వల్పమైన విద్యుత్తు పుడుతుంది. దాన్ని పసిగట్టే జ్ఞానేంద్రియాలు అవి. ఇసుకలో కూరుకుని దాగిన చేపను కూడా సొర వీటితో కనిపెడుతుంది. మనకు పంచేంద్రియాలని గొప్పగా చెప్పుకుంటాం. సొరకు అంతకన్నా ఒకటి ఎక్కువేనన్నమాట.

వయసు మాట కూడా చెప్పాలి. ఉత్తర సముద్రాలలో గ్రీన్లాండు సొర అని ఒకటున్నది. 2016లో వెలువడిన పరిశోధన ప్రకారం, పరీక్షించిన వాటిలో పెద్దదాని వయసు ఎంత తక్కువ వేసుకున్నా 272 సంవత్సరాలు. అంటే మన కూచిమంచి తిమ్మకవి పద్యాలు చెబుతున్న కాలంలో పుట్టిన సొర మన కాలం దాకా ఈదిందన్నమాట! ఇక జాతి వయసు చూస్తే 40 కోట్ల సంవత్సరాల పైచిలుకు. రాక్షసబల్లులు పుట్టకముందే సొరలు ఉన్నవి. అవి పోయాక కూడా సొరలు ఉన్నవి.

చుట్టం పాటించవలసిన మర్యాద

చుట్టపుచూపుగా వెళ్ళినవారికి కొన్ని మర్యాదలు తప్పవు. సొరను ముట్టరాదు. వెంట తరమరాదు. దాని దారికి అడ్డం నిలవరాదు. చేతిలో ఆహారం ఆడించరాదు. ఎర వేసి సొరలను రప్పించే చోట్లు కొన్ని ఉన్నాయి గాని, మేము వెళ్ళినది అట్లాంటి చోటు కాదు. చేతికి వాచీ మెరుపులు లేకుండా, తడబడే కదలికలు లేకుండా ఉండాలని మాకు ముందే చెప్పారు. బూడిదరంగు సొరకు కోపం వస్తే చెప్పకుండా మీదికి రాదు. వీపు వంచి, పక్క రెక్కలు కిందికి దించి, తల అటూ ఇటూ ఊపుతూ వింతగా ఈదుతుంది. దారి లేకుండా మూలకు నెట్టినప్పుడు ఇట్లా చేస్తుందని 1973లో ఇద్దరు పరిశోధకులు వివరంగా రాశారు. “ఇక వెళ్ళండి” అని అది తన భాషలో చెప్పడమే అది. ఆ భాష తెలియక కరిపించుకున్న మనిషి, కరిచిన సొరను తిట్టుకుంటాడు.

బతికిన సొర వెల

ఇంత చెప్పాక మరో వైపు చూడకపోతే కథ పూర్తికాదు. మనిషిని సొర చంపేది ఏడాదికి ఆరేడుగురిని అనుకున్నాం గదా. సొరలను మనిషి చంపే లెక్క 2013లో శాస్త్రజ్ఞులు వేశారు. ఏడాదికి సుమారు పది కోట్లు! కొన్నిచోట్ల రెక్కలు మాత్రం కోసుకుని, ప్రాణంతో ఉన్న మొండేన్ని తిరిగి నీటిలోకి తోసేవారు. ఆ రెక్కలు విందు భోజనాలలో చారు కోసం. 1970 నుంచి అర్ధశతాబ్దంలో మహాసముద్రాల సొరలూ, వాటి దాయాదులైన టేకి చేపలూ నూటికి 71 వంతులు తగ్గిపోయాయని 2021లో మరో పరిశోధన తేల్చింది. సొర ఆలస్యంగా ఈడేరుతుంది, కొద్ది పిల్లలనే కంటుంది. తగ్గిన సంఖ్య తిరిగి పెరగాలంటే చాలా కాలం పడుతుంది.

మాల్దీవులలో 1993లో ఇద్దరు పరిశోధకులు ఒక విచిత్రమైన పద్దు రాశారు. పట్టి అమ్మితే ఒక బూడిదరంగు సొర జాలరికి ఇచ్చేది ఒక్కసారి 32 డాలర్లు. అదే సొర ప్రాణంతో ఉండి యాత్రికులకు కనిపిస్తే, పేరుపడ్డ ఒక దిబ్బ దగ్గర ఏడాదికి 33,500 డాలర్లు దేశానికి తెస్తుందని తేలింది. ఆ దేశం 2010లో తన జలాలలో సొరల వేటను నిషేధించింది. నాకు ఈత నేర్పిన కుర్రవాడి మాటకు వెనుక ఉన్నది ఈ పద్దే. అయితే వాళ్ళ తాతలాంటివారి జీవనోపాధి ఏమయిందని కూడా అడగాలి. యాత్రికుల డాలరు హోటలుకు పోయి, నష్టం జాలరికి మిగిలితే అది న్యాయమైన రక్షణ కాదు.

మన ఒడ్డున

ఆ న్యాయానికి ఉదాహరణ మన దేశంలోనే ఉన్నది. గుజరాత్ తీరంలో 1990లలో తిమింగిల సొరలను నూనె కోసం, మాంసం కోసం వందలకొద్దీ చంపేవారు. మైక్ పాండే తీసిన చిత్రం ఆ ఘోరాన్ని లోకానికి చూపింది. 2001లో ప్రభుత్వం ఆ సొరకు పులికి ఇచ్చినంతటి చట్టరక్షణ ఇచ్చింది. అయితే సముద్రం మీద కాపలా కాసే పోలీసు ఎవరు? 2004లో కథకుడు మొరారీ బాపు జాలరులకు ఒక్క మాట చెప్పారు. ఇది మన ఆడపడుచు, కాన్పుకు పుట్టింటికి వస్తున్నది, ఆడపిల్లను చంపుకుంటామా అని. ‘వ్హాలీ’ అని, అంటే ముద్దుబిడ్డ అని, పేరు కూడా పెట్టారు. ఆ మాట చట్టంకన్నా బలంగా పనిచేసింది. వలలో చిక్కిన సొరను వల కోసి వదిలిపెట్టిన జాలరికి వల ఖరీదు ఇచ్చే ఏర్పాటు కూడా జరిగింది. అప్పటినుంచి వందలాది సొరలు తిరిగి సముద్రం చేరాయి.

మన విశాఖ దగ్గర తంతడి తీరాన కూడా 2021 డిసెంబరులో రెండు టన్నుల తిమింగిల సొర వలలో చిక్కి ఒడ్డుకు వచ్చింది. అటవీశాఖవారు, జాలరులు, జంతుప్రేమికులు కలిసి తంటాలు పడి దాన్ని తిరిగి లోతునీటికి చేర్చారు. పత్రికలలో ఆ వార్త చదివిన నాడు మా ఇంట్లో అందరం సంతోషించాము.

బూడిదరంగు సొర నన్ను చూసిన సంగతి ఇంటికి వచ్చి అత్తయ్యగారికి చెప్పాను. ఆవిడ చాలాసేపు ఊరుకుని, “నీ వంక చూసి వెళ్ళిపోయిందా? మర్యాదస్థురాలే అయితే” అన్నారు.

పాఠకులలో అందరూ స్కూబా దిగాలని నేను చెప్పను. అందరికీ డబ్బూ తీరికా ఉండవు, ఆరోగ్యమూ సహకరించదు. కాని పిల్లలకు సముద్రం గురించి చెప్పేటప్పుడు సొరను రాక్షసిగా మాత్రం చూపవద్దు. పాలసొర పథ్యం పెట్టిన మన అమ్మమ్మలకు సొర అంటే అసహ్యం లేదు, అనవసరపు భయమూ లేదు. ఎప్పుడు ఎంత పట్టాలో, ఏది వదలాలో మన తరం కొత్తగా నేర్చుకోవలసి ఉన్నది. ఆ పాఠం వేళకు నేర్చుకుంటే, మన మనుమలు కూడా ఏదో ఒక పగడపు దిబ్బ అంచున నిలబడి, నీలపు లోతులోనుంచి వచ్చే ఆ నీడలను చూడగలుగుతారు.